ఏడో తరగతి పిల్లకీ చదవడం నేర్పనివ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పల్నాడు జిల్లాలో ఒక ఎయిడెడ్ బడిలో తెలుగు టీచర్ని. ఊళ్లో అందరూ ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్ మిషన్) బడి అంటారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు చెబుతాను.

పోయిన క్రిస్మస్‌కి ముందు ఒక ఆదివారం, చర్చి పూజలో బైబిల్ మొదటి పఠనం చదవడానికి మా ఏడో తరగతి అమ్మాయిని పంపాం. గొంతు బాగుంటుంది, భయం లేదు. చర్చిలో మతబోధ చేసే ఉపదేశి గారు వారం రోజులు దగ్గర కూర్చోబెట్టి చెప్పించారు. పుస్తకం మీంచి చూపు తిప్పకుండా గడగడా చదివింది, ఒక్క తప్పు లేదు. ఫాదర్ గారు కూడా మెచ్చుకున్నారు. పూజ అయ్యాక పుస్తకం మూయబోతే నాకు తెలిసింది, తెరిచి ఉన్న పేజీ పై ఆదివారానిది. ఆ పిల్ల అక్కడ లేనిదాన్ని అప్పజెప్పి వచ్చింది.

రెండేళ్లుగా ఆ అమ్మాయి నా క్లాసులో ముందు బెంచీలో కూర్చుంటోంది. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. బోర్డు మీద ఏది రాస్తే అది పొల్లు పోకుండా దించుతుంది. గైడులో ప్రశ్న వస్తే జవాబు రాస్తుంది, మార్కులూ వస్తాయి. మర్నాడు పక్కన కూర్చోబెట్టుకుని చూడని పాఠం ఒకటి తీశాను. గుణింతాలు వచ్చు. ఒత్తు కనిపిస్తే ఆగిపోతుంది. సైన్సు పుస్తకంలో 'కిరణజన్య సంయోగక్రియ' చూపిస్తే, 'క్రియ' దగ్గరికి వచ్చేసరికి 'కిరణ' మర్చిపోయింది. వాక్యం చివరిదాకా వెళ్లేసరికి మొదట్లో ఏముందో గుర్తుండకపోతే ఇక అర్థం ఎక్కడి నుంచి వస్తుందండీ?

లెక్క చూడండి. 2020-21లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్లలే 2025-26లో ఆరుకి వచ్చారు. అక్షరాలు దిద్దాల్సిన ఏడాది కరోనా వల్ల చాలా నెలలు బడులు మూసి ఉన్నాయి. 2021లో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా చదవగలగాలంటుంది, గడువు 2026-27. మంచిదే. కానీ ఆ మెట్టు దాటిపోయిన వాళ్లని ఎవరు చూడాలి? పిల్లల చదువును ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే 2022లో చూస్తే, దేశంలోని పల్లెల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన ఎనిమిదో తరగతి పిల్లలు 69.6 శాతమే. అంటే పదిమందిలో ముగ్గురు ఆ పాఠం చదవలేకుండానే హైస్కూల్లో ఉన్నారు. పక్కన తెలంగాణలో చిన్న తరగతులకు తొలిమెట్టు పెట్టాక, పై తరగతులకు ఉన్నతి అని వేరే కార్యక్రమం తెచ్చారు. మనకీ అలాంటిది కావాలి.

ఇక మా తప్పు కూడా చెప్పుకోవాలి. క్యాథలిక్ బడి అనగానే జనం డిసిప్లిన్ అంటారు, మేమూ దానికి మురిసిపోతాం. క్లాసు నిశ్శబ్దంగా ఉంటే చదువు వస్తోందనుకున్నాం. యాభై మంది కలిసి గట్టిగా చదివితే అందులో పదిమంది పెదవులు ఆడిస్తున్నారని చెవికి తెలియదు. (ప్రార్థన అందరితో కలిసి చెప్పినట్టే పాఠమూ చెప్పేస్తారు పిల్లలు.) సిలబస్ టెన్షన్ సరేసరి.

జనవరి నుంచి బడి నడిపే సిస్టర్ గారి అనుమతితో మధ్యాహ్నం భోజనం కాగానే నలభై నిమిషాలు విడిగా పెట్టుకున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది పిల్లలను తరగతిని బట్టి కాకుండా చదవగలిగినదాన్ని బట్టి మూడు గుంపులు చేశాను. ఇది నా తెలివి కాదు, ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఎప్పటి నుంచో చేస్తున్నదే. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో పరిశీలించి ఫలితం ఉందని చెప్పినదే. మొదట నేను చదువుతాను, తర్వాత ఇద్దరిద్దరు, ఆఖర్న ఒక్కరు. కథ సగంలో ఆపి తర్వాత ఏమవుతుందో చెప్పమంటాను. తప్పు చెప్పినా పర్వాలేదు, ఎందుకలా అనుకున్నాడో చెప్పాలి.

మిరప కోతలు మొదలైతే సగం బెంచీలు ఖాళీ. కోతల నుంచి తిరిగొచ్చిన ఒక ఎనిమిదో తరగతి అబ్బాయి పాఠం తీస్తే తల దించుకునేవాడు. ఒకరోజు పేపరు జిల్లా పేజీ ఇచ్చాను. గుంటూరు మిర్చి యార్డు ధరల దగ్గర వేలు పెట్టి, "తేజ... క్వింటా...లు" అని కూడబలుక్కుంటూ చదివాడు. చదివి, "మా నాన్నకి ఇంత ఇవ్వలేదు టీచర్" అన్నాడు. నాకు తెలిసి వాడు అర్థం చేసుకుని చదివిన మొదటి వాక్యం అదే.

మీరు చేయాల్సింది పెద్దదేమీ కాదు. ఆరు నుంచి ఎనిమిది దాకా రోజూ ఒక పీరియడ్ చదవడానికే అని టైంటేబుల్లో పెట్టించండి. ఆ పీరియడ్‌కి పరీక్ష, యాప్, ఫొటో అప్‌లోడ్ ఏవీ వద్దు, దయచేసి. పుస్తకాలు ఇవ్వండి: పెద్ద అక్షరాలతో, కానీ పసిపిల్లల కథలు కానివి. పదమూడేళ్ల కుర్రాడికి చిలకా కాకీ కథ ఇస్తే సిగ్గుపడి మూసేస్తాడు.

ఇలా చదివించడం ఎలాగో టీచర్లకు శిక్షణ ఇస్తే, దానికి మమ్మల్నీ పిలవండి. ఇంతకుముందు ఒకసారి అడిగితే "మీవి మైనారిటీ బడులు కదా" అన్నారు. విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ నా జీతం ప్రభుత్వమే ఇస్తోంది, మా పిల్లలు చదివేది కూడా ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న అవే పుస్తకాలు. 2021లో ఎయిడెడ్ టీచర్లను ప్రభుత్వంలో కలిపేసుకున్నప్పుడు మా దగ్గర నుంచి ఇద్దరు వెళ్లిపోయారు. ఆ కుర్చీలు ఇంకా ఖాళీ. సిస్టర్స్ ఇచ్చే నాలుగైదు వేలకు వచ్చే అమ్మాయిలు ఏడాది తిరక్కుండా మానేస్తున్నారు. ఆ పోస్టుల సంగతి కూడా తేల్చండి.

వీలైతే ఒక మధ్యాహ్నం ఏ ఆర్‌సీఎం బడికైనా చెప్పకుండా వెళ్లండి. ఏడో తరగతిలో పుస్తకం మీరే తెరిచి, మీకు నచ్చిన పేజీ ఇచ్చి చదవమనండి. అప్పజెప్పడానికి ముందే తెలిసిన పేజీ మాత్రం వద్దు.

ఇట్లు,
ఒక ఎయిడెడ్ బడి తెలుగు టీచర్,
పల్నాడు జిల్లా