మూడు చక్రాలదా, రెండు చక్రాలదా? రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రవాణా శాఖ మంత్రి పొన్నం ప్రభాకర్ గారికి నమస్కారం.

సార్, నేను హనుమకొండల పొద్దుగాల 5 గంటల నుంచి 10 దాకా ఇంటింటికి వాటర్ డబ్బాలు వేస్త. 20 లీటర్ల డబ్బాలు. ప్లాంటు నాది కాదు, ఆడ నింపుకొచ్చి అమ్ముకునుడే నా పని. దానికొక ట్రాలీ ఆటో ఉంది, డీజిల్ది, పాతది. పది దాటినంక అది ఇంటి ముందల ఊకెనే నిలబడి ఉంటది, నేను స్కూటీ తీస్త, ఎందుకంటే పైసల వసూలుకు పోవాలె, బిడ్డను కాలేజీకాడ దింపాలె, మధ్యల ఎవరన్న ఫోన్ చేసి ఒక్క డబ్బా అంటే అది స్కూటీ ముందల కాళ్లకాడ పెట్టుకొని పోవాలె. ఒక మనిషికి రెండు బండ్లు, రెండు ఇన్సూరెన్సులు, రెండు పొల్యూషన్ సర్టిఫికెట్లు, మొన్నటిదాక రెండు ఈఎంఐలు. ఆటోకు ఈసారి ఫిట్‌నెస్ అయితదో కాదో తెల్వదు, మెకానిక్ అయితే ఇగ దీన్ని ఇడిసిపెట్టు అన్నా అంటున్నడు.

గీ టైంల నాకు ఒక బండి మీద మనసు పడ్డది. మీకు తెలిసే ఉంటది, 2024 జనవరిల జైపూర్‌ల హీరో వాళ్లు సర్జ్ ఎస్32 అని చూపించిండ్రు. చూస్తే మూడు చక్రాల సామాన్ల ఆటో, 500 కిలోలు మోస్తదట, కానీ ముందర భాగం లేపితే లోపలి నుంచి స్కూటర్ ఊడి బయటికొస్తది. 3 నిమిషాల పని అన్నరు. వెనక సామాన్ల డబ్బా ఇంటికాడ పెట్టి స్కూటర్ మీద బజారుకు పోవచ్చు, మల్ల వచ్చి తగిలిచ్చుకోవచ్చు. ఆటోకు 11 కిలోవాట్ అవర్ బ్యాటరీ, అంటే 11 యూనిట్ల కరెంటు పట్టేది, స్కూటర్‌కు వేరే 3.5ది. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూసిన్నో లెక్క లేదు, ఎవడో మా ఇంటికొచ్చి నా కష్టం చూసి తయారు చేసిండా అనిపించింది. 500 కిలోలంటే ప్లాస్టిక్ బరువు కూడ కలుపుకుంటే 24 డబ్బాలు. ఇప్పుడు నేను ట్రిప్పుకు 30 ఎక్కిస్త, ఆ ఆరు డబ్బాలకు ఇంకో ట్రిప్పు కొడత, గది పెద్ద సంగతి కాదు.

సంగతి ఏందంటే, గిసొంటి బండి రేపు షోరూంకు వస్తే నేను అడ్వాన్స్ కట్టే ముందు మీ డిపార్ట్‌మెంట్ దాన్ని ఏమని పిలుస్తదో నాకు కావాలె. బండి బాగుంటదా లేదా అన్నది కంపెనీ తలనొప్పి. కాయితం తలనొప్పి మాత్రం నాదే అయితది, అందుకే ముందే అడుగుతున్న.

మన దగ్గర టూ వీలర్‌ను ఎల్2 అంటరు, త్రీ వీలర్‌ను ఎల్5 అంటరు, ఇట్ల ఊడే బండికి రెండూ కలిపి ఎల్2–5 అని పేరు పెట్టిండ్రు. పేరు బాగనే ఉంది. పేరు పెట్టంగనే అయిపోతదా సార్? కౌంటర్ల కూసున్న ఆయన కంప్యూటర్ల ఆ పేరు రావాలె కదా. ఆడ లిస్టుల లేకపోతే ఢిల్లీల ఉన్నా మనకు లేనట్టే. నాకు అనుభవం ఉంది కాబట్టే చెప్తున్న, ఒక ఆఫీసుల, యాడనో చెప్పను, ట్రాలీ అడ్రస్ మార్పిచ్చుకునుడుకు మూడుసార్లు తిరిగిన, మూడుసార్లూ ఒక్కటే మాట, సిస్టం తీస్కుంటలేదు అని. ఆ సిస్టం ఎవరో నాకు ఇప్పటికీ కనపడలె.

మొదట నంబర్ ప్లేట్. 2018 నుంచి కరెంటు బండ్లకు పచ్చ ప్లేటు. సొంతానికి వాడేదైతే పచ్చ మీద తెల్ల అక్షరాలు, కిరాయికి, సామాన్లకు వాడేదైతే పచ్చ మీద పసుపు అక్షరాలు. మరి నా బండి పొద్దుగాల పసుపు, మధ్యాహ్నం తెలుపు. ఏం చేయాలె? రెండు ప్లేట్లు కొట్టిచ్చి అటొకటి ఇటొకటి బిగియ్యాలెనా? ఇది మీకు నవ్వులాట లెక్క అనిపించచ్చు, రోడ్డు మీద ఆపినోళ్లకు నవ్వు రాదు.

ఆ రంగు ఎనకాల మస్తు కథ ఉంది సార్. తెల్ల అక్షరాలదైతే రిజిస్ట్రేషన్ ఒకసారి చేపిస్తే 15 ఏండ్ల దాకా ఆఫీసు మొహం చూసే పని లేదు. పసుపుదైతే 8 ఏండ్ల దాకా రెండేండ్లకోసారి ఫిట్‌నెస్, ఆ తర్వాత ఏడాదికోసారి. ఇన్సూరెన్స్ కూడ అంతే, కొత్త టూ వీలర్‌కు థర్డ్ పార్టీ 5 ఏండ్లది ఒకేసారి కట్టిచ్చుకుంటరు, గూడ్స్ బండికి ఏడాదికి ఏడాది. ఇగ నా బండికి ఐదేండ్లదా ఏడాదిదా? రెండూ కట్టుమంటే రెండు బండ్లు ఒకటి చేసి నాకొచ్చిన లాభం ఏంది?

అన్నిటికన్న నాకు భయమయ్యేది ఇదే. గూడ్స్ బండి అని పాలసీ రాసిండ్రనుకోండి, నేను స్కూటర్ తీసి మా ఇంటామెను ఎనక కూసోబెట్టుకొని ములుగు రోడ్డు మీద పోతున్న, ఏదన్న జరగరానిది జరిగింది. అప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు వకీలు ఏమంటడు? గూడ్స్ బండి మీద మనిషిని ఎక్కిచ్చుకున్నడు, పాలసీ షరతు తప్పిండు అంటడు. యాక్సిడెంట్ కేసులు చూసే ట్రైబ్యునల్ల, ముందు కంపెనీ కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు అనే తీర్పులు ఎన్ని లేవు? ఆ ఓనర్ ఎవరు, నేనే. డబ్బాలు అమ్మితే ఎన్ని జన్మలకు తీరాలె అది. కట్టుకున్న పెండ్లాం కాయితం మీద అక్రమ ప్యాసింజర్ అయితదా అని ఇంట్ల అంటే ఆమె నవ్వింది, గప్పుడు నేను ఆటో ఎనక డబ్బాలల్ల కూసుంటలే అన్నది. సార్, అది కూడ తప్పే.

హెల్మెట్ది ఇంకో ముచ్చట. మోటారు వాహనాల చట్టం 129 సెక్షన్ కింద టూ వీలర్ మీద హెల్మెట్ ఉండాలె, దాని మీద నాకేం వాదన లేదు, పెట్టుకుంట. కానీ ఆటో లెక్క ఉన్నప్పుడు అద్దం ఉంటది, పైన కప్పు ఉంటది, లోపల నేను కూసునేది మాత్రం అదే స్కూటర్ సీటు, పట్టుకునేది అదే హ్యాండిల్. కెమెరాకు ముందటి నుంచి ఏం కనపడతది? నంబర్ ఒక్కటే కదా. ఆటోకు హెల్మెట్ లేదని చలాన్ వస్తదా, లేకపోతే స్కూటర్ మీద పోయినప్పుడు రికార్డుల ఆటో అని ఉండి ఫొటోల స్కూటర్ ఉంటే నంబర్ ప్లేట్ మార్చిండని కేస్ అయితదా? రెండోది అయితే చలాన్‌తోని పోదు. దాంతోపాటు చట్టంల 52వ సెక్షన్ ఒకటి ఉంది, కంపెనీ ఇచ్చిన రూపం ఓనర్ మార్చొద్దని. నేనైతే రోజుకు రెండుసార్లు మారుస్త. కంపెనీయే మార్చుమని ఇచ్చింది కాబట్టి తప్పు కాదని నాకు అర్థమైతది, చౌరస్తాల నిలబడ్డ కానిస్టేబుల్‌కు ఎవరు చెప్పాలె?

లైసెన్స్ సంగతి కొంచెం నయం. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు చెప్పింది, ఎల్ఎంవీ లైసెన్స్, అంటే కార్ల లాంటి చిన్న బండ్ల లైసెన్స్ ఉన్నోళ్లు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి నడపచ్చు, దానికి వేరే ముద్ర అక్కర్లేదని. నాకు రెండు లైసెన్సులు ఉన్నయ్, నాకు బాధ లేదు. మా ఇంటామెకు గేర్లు లేని స్కూటీ లైసెన్స్ ఒక్కటే ఉంది. ఆమె ఆ స్కూటర్ ముక్క తీస్కొని కూరగాయలకు పోతే, బండి త్రీ వీలర్ అని రాసి ఉంటే, ఆమె లైసెన్స్ లేకుండ నడిపినట్టా?

దొంగతనం గురించి ఒక్క మాట. నేను స్కూటర్ మీద పోయినంక ఇంటి ముందల మిగిలేది ముందర చక్రం లేని డబ్బా. ఎవడన్న ట్రాక్టర్‌కు కట్టి గుంజుకపోతే స్టేషన్ల ఏమని రాయిపియ్యాలె, బండి పోయిందనా, సగం పోయిందనా. ఇన్సూరెన్సోళ్లు సగానికి ఎంత ఇస్తరు? దానికి వేరే ఛాసిస్ నంబర్ ఉండాలె, ఆర్సీల రెండూ కనపడాలె. ఇది చిన్న పని సార్, ముందే చేస్తే.

ట్యాక్స్ కాడ మీకు దండం పెట్టాలె. 2024 నవంబర్ల మీరు తెచ్చిన జీవో 41తోని కరెంటు బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు వంద శాతం మాఫీ, 2026 డిసెంబర్ 31 దాకా. దాంట్ల టూ వీలర్ ఉంది, మూడు చక్రాల గూడ్స్ బండి ఉంది. రెండూ ఉన్నది లేదు. రెండింటికీ మాఫీ ఉంటే కలిపినదానికి కూడ ఉండాలె అని మీరనచ్చు, నేను కూడ అదే అంటున్న, కాకపోతే కౌంటర్ల ఉన్నాయన క్లారిఫికేషన్ వచ్చేదాక ఆగు అంటడు, ఆ లోపల తారీఖు దాటిపోతది. తారీఖన్న ఈ తీరు బండ్లకు పెంచండి.

ఇప్పుడు మీ శాఖ కానిది ఒకటి, కానీ క్యాబినెట్ల పక్క కుర్చీ వాళ్లకు చెప్పండి. మాకు గృహజ్యోతి వస్తది, 200 యూనిట్ల లోపు జీరో బిల్లు. మంచిగుంది. ఈ బండికి రెండు బ్యాటరీలు కలిపి పద్నాలుగున్నర యూనిట్లు పడుతుంది. రోజు అందుల సగమే నింపినా 7 యూనిట్లు, నెలకు 210. అంటే ఇంట్ల ఫ్యాన్ తిరగకముందే, టీవీ పెట్టకముందే 200 దాటింది. దాటితే మొత్తం బిల్లు కట్టాలె, 200 మీద కాలినవాటికే కాదు. డీజిల్ల మిగిలింది కరెంటుల పోతది అనను, లెక్క వేస్తే ఇంకా మిగులుతది, కాకపోతే షోరూంల చెప్పే లెక్కల ఈ ముచ్చట ఎవరూ చెప్పరు. దానికి తోడు ఇంటి మీటర్‌కు వ్యాపారం బండి ఛార్జింగ్ పెడుతున్నవని లైన్‌మెన్ కమర్షియల్ రాస్తే? బతుకుదెరువు బండికి ఇంటికాడ వేరే మీటర్ అడిగితే తిప్పకుండ ఇయ్యాలె, లేకపోతే గృహజ్యోతి యూనిట్లల్ల ఇది లెక్కపెట్టొద్దు.

ఛార్జింగ్ యాడ పెట్టాలె అన్నది కూడ ఉంది. 2022 సెప్టెంబర్‌ల సికింద్రాబాద్‌ల కింద సెల్లార్‌ల కరెంటు స్కూటర్ల షోరూం, పైన లాడ్జి, అగ్గి అంటుకొని 8 మంది పొగకే పోయిండ్రు. ఆ తర్వాత బ్యాటరీ టెస్టులు గట్టిగ చేసిండ్రు, నాకు తెలుసు. అయినా మాది మెట్ల కింద పార్కింగ్ ఉన్న ఇల్లు, పైన ఓనరోళ్లు ఉంటరు, మంచం పక్కన పెట్టుకున్నట్టే అయితది. అమ్మేటోడు డెలివరీ ముందు ఇంటికొచ్చి ప్లగ్గు, వైరు, ఎర్తింగు చూసి సంతకం పెట్టాలె అని రూల్ పెడితే ఎవరికేం నష్టం?

మీరు అనచ్చు, బండి పూర్తిగ మార్కెట్ల రాకముందే ఇన్ని ప్రశ్నలెందుకు అని. ఢిల్లీల ఈ-రిక్షాలను యాది చేసుకోండి సార్. ఎవరూ అడగలె, వేలల్ల అప్పులు తెచ్చి కొనుక్కున్నరు, ప్రమాదాలైనయ్, 2014 జులై ఆఖరుల ఢిల్లీ హైకోర్టు నడపొద్దన్నది, ఎందుకంటే చట్టంల ఆ బండికి జాగనే లేకుండె. తర్వాత అక్టోబర్ల రూల్స్ వచ్చినయ్, 2015ల చట్టమే మార్చిండ్రు. ఆ మధ్యల రిక్షా ఇంట్ల పెట్టుకొని కిస్తీ కట్టినోని గతి ఎవరు చూసిండ్రు? అమెరికాల సెగ్వే అని రెండు చక్రాల మీద నిలబడి పోయే బండి 2001ల వచ్చింది, దునియా మారిపోతది అన్నరు. ఫుట్‌పాత్ మీద పోవాల్నా రోడ్డు మీద పోవాల్నా అన్నదే ఒక్కోచోట ఒక్కో తీరు, 2020ల తయారీ బంద్ చేసిండ్రు. వాళ్లకు పోతే కంపెనీ పోయింది. నాకు పోతే పొద్దుగాల 60 ఇండ్ల నీళ్లు ఆగుతయ్.

బ్యాంకుల కూడ అడిగి చూసిన. టూ వీలర్ లోనా, కమర్షియల్ లోనా అన్నడు మేనేజర్. రెండు అన్న. అట్లాంటి లోన్ మా దగ్గర లేదు అన్నడు. వడ్డీ రెండింటికీ వేరు వేరు సార్, ఎందులో రాస్తే దాన్ని బట్టి నెలకు వేయి రూపాయలకు అటు ఇటు అయితది. ఆర్సీల మీరు ఏం రాస్తే బ్యాంకు అదే చూస్తది, అన్ని తాళాలు మీ ఆర్సీ కాడనే ఉన్నయ్.

బండికి టెస్టులు చేసి ఓకే చెప్పేది కేంద్రం, గడ్కరీ గారి శాఖ, అది మీ చేతుల లేదని నాకు తెలుసు. ఆడికి ఒక మాట రాయండి చాలు, ఆ స్కూటర్ తగిలే కొక్కెం కొత్తల 3 నిమిషాలకు పడతది, మా గల్లీ దుమ్ముల, వానల, రోజుకు రెండుసార్లు లెక్కన రెండేండ్లు తగిలిస్తే అప్పుడు కూడ గట్టిగ పడతదా, సగం పడ్డదని డ్రైవర్‌కు లైటు వెలుగుతదా, ఆ టెస్ట్ కూడ చేయమనండి. మీ చేతుల ఉన్నవి మాత్రం మీరే చేయాలె: ఆర్సీల రెండు రూపాలు రాసుడు, ప్లేటు రంగు తేల్చుడు, జీవోల ఒక లైను కలుపుడు, ట్రాఫిక్ పోలీసులకు ఫొటోతోని ఒక సర్క్యులర్ పంపుడు. సర్క్యులర్ కాపీ తెలుగుల ఉండాలె, బండిల పెట్టుకొని తిరుగుత, ఆపినప్పుడు చూపెడత.

మీ హుస్నాబాద్ నియోజకవర్గంల ఎల్కతుర్తి, భీమదేవరపల్లి మా హనుమకొండ జిల్లాలనే ఉన్నయ్, అటు దిక్కు వచ్చినప్పుడు పిలిస్తే నేను నా ట్రాలీ, స్కూటీ రెండు ఆర్సీలు పట్టుకొని వస్త. పది లోపు మాత్రం పిలవకండి సార్, డబ్బాల టైం.

ఇట్లు,
హనుమకొండల నీళ్ల డబ్బాలు వేసుకునేటోడు

తా.క.: మా ఇంటామె ఇంకోటి రాయమన్నది. స్కూటర్ తీసి పోయినంక వాన పడితే ముందర తెరిచి ఉన్న ఆ సామాన్ల డబ్బా లోపలికి నీళ్లు పోవా, బ్యాటరీ ఆడనే ఉండె కదా అని. నాకు ఈ ప్రశ్న రాలె, కంపెనీ వాళ్లను కూడ అడగండి.