తీరం లేకపోవడం ఒక్కటే కారణం కాదు

సంపాదకుడికి,

జాంబియా పెట్రోలు కష్టాల మీద మీ అంతర్జాతీయ పేజీలో పోయిన వారం వచ్చిన వార్త గురించి ఇది. సముద్రతీరం లేకపోవడమే కారణమని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇక్కడ జాంబియాలోని ఎన్‌డోలా నగరంలో ఓ లారీ కంపెనీ లెక్కలు చూసే నాకు ఆ మాట మింగుడు పడలేదు.

తీరం లేదన్న సంగతి ఈ దేశానికి కొత్త కాదు. 1965లో పొరుగున ఉన్న రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) తెల్లవాళ్ల ప్రభుత్వం బ్రిటన్ మీద తిరుగుబాటు చేయడంతో దక్షిణం నుంచి చమురు ఆగిపోతే, విమానాల్లో పీపాలు తెప్పించుకుని బతికారు. 1968కల్లా టాంజానియాలోని దారెస్సలాం రేవు నుంచి 1,710 కిలోమీటర్ల టజామా పైపులైను వేశారు. 1973లో ఎన్‌డోలాలో ఇండెని చమురుశుద్ధి కర్మాగారం (రిఫైనరీ) మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు కూడా నిండని దేశం ఇంత చేసింది. మీ వార్తలో దాని ఊసే లేదు!

చెడింది ఆ తర్వాత. సంవత్సరానికి సుమారు 11 లక్షల టన్నుల ఆ రిఫైనరీని పెంచిన వాళ్లు లేరు. 1957లో మొదలైన మన విశాఖ రిఫైనరీ విస్తరిస్తూ విస్తరిస్తూ కోటిన్నర టన్నులకు చేరింది. ఇండెని పాత యంత్రాలకు ఉత్త ముడిచమురు సరిపడక, డీజిల్, నాఫ్తా (పెట్రోలు లాంటి తేలిక నూనె) కలిపిన సరుకు తెప్పించేవారు. సగం తయారైనదాన్ని డాలర్లు పోసి కొని, దాన్నే మళ్లీ శుద్ధి చేయడమన్నమాట. ఓడ సరుకుకు ప్రభుత్వం డబ్బు సర్దలేకపోతే ప్లాంటు ఆగేది. 2009లో ఫ్రెంచ్ కంపెనీ టోటాల్ వాటా కొని పూర్తిగా సొంతం చేసుకున్నాక కూడా పాలకులు దాన్ని బాగుచేయలేదు. చివరికి 2021లో ఆపేయాలని నిర్ణయించారు. 2023 నుంచి టజామా పైపులో ముడిచమురుకు బదులు డీజిలే వస్తోంది.

దానివల్ల డీజిల్ రవాణా ఖర్చు తగ్గింది, ఆ మంచి పని ఒప్పుకోవాలి. పెట్రోలు మాత్రం ఇంకా ట్యాంకర్లలోనే రావాలి. టాంజానియా వైపు నకొండే సరిహద్దులో క్యూ కదలకపోతే మా డ్రైవర్లు రోడ్డు పక్క బొగ్గు కుంపటి మీద న్షిమా (మొక్కజొన్న పిండి ముద్ద) వండుకుని అక్కడే పడుకుంటారు. నెలాఖరు వచ్చిందంటే ఆఫీసులో టెన్షన్. అర్ధరాత్రి నుంచి కొత్త ధర, ఈలోపే ట్యాంకులు నింపమని బంకులకు ఫోన్లు చేస్తాం. పాత ధర లెక్కన ఒప్పుకున్న కిరాయి మాత్రం మారదు, నష్టం మాదే. 2024 కరువులో జలవిద్యుత్తు ఇచ్చే కరీబా జలాశయంలో నీళ్లు లేక కరెంటు పోయినప్పుడు షాపుల ముందు జనరేటర్లు పెట్టి, ఆ డీజిల్ ఖర్చు కూడా జనమే మోశారు.

అధికారులను అడిగితే ప్రపంచ ధరలు, ఇక్కడి కరెన్సీ క్వాచా విలువ అంటారు. ప్రతి ప్రభుత్వమూ ముందున్న వాళ్ల మీదకు నెడుతుంది. పత్రికలేమో "పేద దేశం, తీరం లేదు" అని రాసి చేతులు దులుపుకుంటాయి. ఏజెన్సీ వార్తను తెలుగు చేసేవారు ఒక్కసారి మ్యాపు చూసినా ఇలా రాయరు.

ఎన్‌డోలాలో కొత్త రిఫైనరీ కట్టడానికి 2024లో ఓ చైనా కంపెనీతో ఒప్పందమైంది. ఉన్న ఒక్క పైపూ డీజిల్‌కు పోయాక, దానికి ముడిచమురు ఏ దారిన తెస్తారు? ఆ పెట్టుబడి ఎవరి నెత్తిన పడుతుంది? మీ విలేకరి ఈసారి రాసేటప్పుడు ఇవి అడిగి రాయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఎన్‌డోలా, జాంబియా