మీ పిల్లలు ఊలు ఎందుకు అడుగుతున్నారంటే

డిసెంబరు నెల వార్తాలేఖ

తల్లిదండ్రులకు, ఇంట్లోని పెద్దలందరికీ నమస్కారం.

పోయిన నెలలో ఒక నాన్నగారు గేటు దగ్గర నన్ను ఆపి, "మేడమ్, మావాడు రెండు ఊలు ఉండలు కొనమంటున్నాడు. ఎనిమిదో తరగతి మగపిల్లాడికి ఊలుతో పనేంటండీ?" అని అడిగారు. బస్సు కదులుతోంది కాబట్టి ఏదో రెండు మాటల్లో చెప్పి పంపించాను. కానీ అది రెండు మాటల్లో తేలే సంగతి కాదు. మన బడి పిల్లలు కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవాళ్లకు శాలువాలు అల్లుతున్నారు, ఆ ఊలు అందుకే. ఈసారి ఉత్తరమంతా దాని గురించే రాస్తున్నాను. పరీక్షల టైమ్‌టేబుల్, ఫీజుల వివరాలు వెనక పేజీలో ఉన్నాయి.

మా నాన్నది ఉద్దానంలో కొబ్బరి తోట. చివరి మూడేళ్లూ ఆయన డయాలసిస్ మీద బతికారు. కిడ్నీ జబ్బులు ఇంతగా ఉన్న మన శ్రీకాకుళం జిల్లాలో ఈ మాటకు అర్థం చెప్పాల్సిన పని లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఎందుకు కట్టాల్సి వచ్చిందో మీకందరికీ తెలుసు. తెలియనిది ఒకటి ఉండొచ్చు: ఆ మంచం మీద చలి. రక్తం గొట్టాల్లోంచి బయటికొచ్చి, మిషన్‌లో శుభ్రపడి, మళ్లీ ఒంట్లోకి వెళ్లడానికి ఒక్కో విడతకు నాలుగు గంటలు పడుతుంది. ఆ ప్రయాణంలో ఒంటి వేడి కొంత పోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మామూలుగానే రక్తం తక్కువగా ఉంటుంది. పైన ఏసీ. రోహిణి కార్తె ఎండల్లో కూడా మా నాన్న పళ్లు కొట్టుకునేంతగా వణికేవారు.

నేను దుప్పటి కప్పేదాన్ని. సిస్టర్ వచ్చి పక్కకు తీసేది. మొదట్లో నాకు కోపం వచ్చేది, తర్వాత ఆవిడే ఓపిగ్గా చెప్పింది. సూదులు గుచ్చిన చెయ్యి ఎప్పుడూ కంటికి కనబడుతుండాలి. సూది జారితే దుప్పటి కింద రక్తం కారిపోతున్నా ఎవరికీ తెలియదు. స్వెట్టర్ వేద్దామంటే ఆ చేతికి ఎక్కించలేం. ఒక భుజం మీదుగా వచ్చి ఛాతీనీ ఒడినీ కప్పే శాలువా ఒకటి ఉంటే సరిపోయేది. ఆ సంగతి నాకు తట్టేసరికి నాన్న లేరు.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో 1998లో జానెట్ బ్రిస్టో, విక్టోరియా గాలో అనే ఇద్దరు మహిళలు ఇలాంటి శాలువాలతోనే ఒక సేవ మొదలుపెట్టారు. అంతకు ముందు ఏడాది హార్ట్‌ఫర్డ్ సెమినరీ అనే క్రైస్తవ విద్యాలయంలో మహిళల కోసం పెట్టిన నాయకత్వ కోర్సు చదివి వచ్చినవాళ్లు వాళ్లు. జబ్బుపడినవాళ్లకు, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు, కొత్తగా తల్లయినవాళ్లకు చేత్తో ఒక శాలువా అల్లి ఇవ్వాలనుకున్నారు. దానికి ఒక్కటే నియమం. అల్లుతున్నంతసేపూ మనసులో ఆ మనిషే ఉండాలి, వాళ్ల కోసం ప్రార్థన చేస్తూ అల్లాలి. అందుకే వాటికి ప్రార్థన శాలువాలని పేరు వచ్చింది. తర్వాత అది ఎన్నో దేశాలకు పాకింది.

ప్రార్థన అనే మాట దగ్గర కొందరికి సందేహం రావచ్చు. ఇద్దరు ముగ్గురు నన్ను నేరుగానే అడిగారు. అడిగినందుకు సంతోషం. ఈ సేవ క్రైస్తవుల మధ్య పుట్టింది, అందులో దాచేదేమీ లేదు. ఇవాళ అన్ని మతాలవాళ్లూ చేస్తున్నారు, కొన్నిచోట్ల ఓదార్పు శాలువా అని కూడా పిలుస్తున్నారు. మన బడిలో పిల్లలు దీనికి "తోడు శాలువా" అని పేరు పెట్టుకున్నారు. ఎవరింటి దేవుణ్ణి వాళ్లు తలుచుకుంటారు. ఒకమ్మాయి వాళ్ల ఊరి గ్రామదేవతకు మొక్కుకుంటూ అల్లానంది. ఇంకొకడు ఏమీ తలుచుకోకుండా "ఈ తాతకి నొప్పి తగ్గాలి" అనుకుంటున్నానన్నాడు. అది చాలు. ఏ బిడ్డకూ మేం ఫలానా ప్రార్థన నేర్పడం లేదు, నేర్పబోము.

ఇక అల్లిక సంగతి. మొదట జానెట్, విక్టోరియా చేసుకున్న పద్ధతే మేమూ పట్టుకున్నాం, ఎందుకంటే కొత్తవాళ్లకు అంతకంటే తేలికది నాకు కనబడలేదు. సూది మీద 57 కుట్లు ఎక్కించాలి. మూడు సీదా (మామూలు కుట్టు), మూడు ఉల్టా (తిరగేసిన కుట్టు), మళ్లీ మూడు సీదా. 57లో మూళ్లు పందొమ్మిది ఉంటాయి, అంటే బేసి సంఖ్య. కాబట్టి వరుస సీదాతో మొదలై సీదాతోనే ముగుస్తుంది, తిప్పి పట్టుకుని మళ్లీ సీదాతోనే మొదలుపెట్టవచ్చు. ఏ వరుసలో ఉన్నామో గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. మూడు, మూడు, అంతే. లెక్కలంటే భయపడే పిల్లలు కూడా రెండో వారానికి చూడకుండా అల్లేస్తున్నారు. మనకు కొట్లో దొరికే ఊలు సన్నం, అందుకని రెండు పోగులు కలిపి 8 మిల్లీమీటర్ల లావు సూదులతో అల్లిస్తున్నాం.

మొదట్లో చాలామంది దారాన్ని బిగలాగేవారు. శాలువా అట్టముక్కలా తయారయ్యేది. పొందూరు నుంచి వచ్చిన ఒక నానమ్మగారు దాన్ని సరిచేశారు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్న నూలు వడికిన చేతులు ఆవిడవి. "లాగకమ్మా, దానంతటది రానీ" అంటూ పిల్లల వేళ్లు పట్టుకుని చూపించారు. ఆవిడ చెప్పాక వచ్చిన శాలువాలు మెత్తగా వచ్చాయి.

మగపిల్లల గురించి అడిగిన ఆ నాన్నగారికి ఇక్కడ జవాబు చెప్తాను. బారువ నుంచి భావనపాడు దాకా మన తీరంలో వలలు అల్లేది, చిరిగితే బాగుచేసేది ఎక్కువగా మగవాళ్లే కదండీ. మన ఏడో తరగతి పిల్లాడి తాతగారు ఒకరోజు మనవణ్ణి తీసుకెళ్లడానికి వచ్చి, కొస వంపుగా ఉండే క్రోషియా అల్లిక సూది చేతిలోకి తీసుకుని చూశారు. అరగంటలో గొలుసు కుట్టు పట్టేశారు. ఇప్పుడు వారం వారం వస్తున్నారు. ఆయన పక్కన కూర్చోవడానికి మగపిల్లలు పోటీ పడుతున్నారు. జీడి ఫ్యాక్టరీల్లో పప్పు ఒలిచే అమ్మలు కూడా వచ్చారు. ఆ వేళ్ల వేగం ముందు మా టీచర్లు ఎవరూ ఆగలేరు. వారమంతా పనిచేసి సెలవు పూట ఇక్కడికొచ్చి కూర్చుంటున్నందుకు వాళ్లకు ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియడం లేదు.

అక్టోబరులో తయారైన పద్నాలుగు శాలువాలు అనుమతి తీసుకుని ఒక డయాలసిస్ కేంద్రానికి ఇచ్చాం. వాటిలో మూడు తిరిగి వచ్చాయి. అంచులకు మేం ముచ్చటగా పెట్టిన కుచ్చులు గొట్టాలకు చిక్కుకుంటున్నాయట. ఆ తప్పు నాది, ముందే ఆలోచించాల్సింది. పిల్లలు కుచ్చులు విప్పేసి మళ్లీ పంపించారు. ఇప్పుడు అంచులు సాదాగానే అల్లుతున్నాం. నాలుగున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ముదురు రంగులు. యాక్రిలిక్ ఊలే వాడుతున్నాం, ఎన్నిసార్లు ఉతికినా కుంచించుకుపోదు. ఇచ్చేముందు ప్రతిదాన్నీ ఉతికి ఆరేసి సంచిలో పెడతాం.

ఆరోజు ఒక పెద్దావిడకు నేనే కప్పాను. ఆవిడ దాన్ని వేళ్లతో తడుముతూ, "నాకేనా? మల్లా ఇచ్చీవాలేటి?" అని అడిగింది. ఇంటికి తీసుకెళ్లొచ్చమ్మా అని చెప్పాను. మన దగ్గర శాలువా వేదికల మీద పెద్దవాళ్లకు కప్పుతాం. ఆవిడకు బహుశా జీవితంలో ఎవరూ కప్పి ఉండరు.

మీకు చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. చేతులు పనిలో ఉంటే పిల్లల నోళ్లు తెరుచుకుంటున్నాయి. క్లాసులో ఏమీ మాట్లాడని పిల్లలు, అల్లుతూ అల్లుతూ, తల ఎత్తకుండానే ఇంట్లో సంగతులు చెబుతున్నారు. కిడ్నీ పరీక్షలో నాన్నకు క్రియాటినిన్ పెరిగిందని, అమ్మ రాత్రుళ్లు ఏడుస్తోందని, తనకూ ఆ జబ్బు వస్తుందేమోనని. చిన్న గుండెల్లో ఇంత టెన్షన్ ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఆ గదిలో విన్న మాట ఆ గది దాటదు, టీచర్లందరికీ గట్టిగా చెప్పాను. మీ బిడ్డకు సాయం కావాలనిపిస్తే మీతోనే, మీ ఒక్కరితోనే మాట్లాడతాను. అలాగే, తాను అల్లిన శాలువా ఇంట్లో ఉన్న తాతకో అమ్మకో ఇచ్చుకోవచ్చా అని నలుగురు పిల్లలు అడిగారు. ఇచ్చుకోవచ్చు. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ పనికి మార్కులు లేవు, పోటీ లేదు, ఎవరు ఎన్ని అల్లారన్న పట్టిక గోడ మీద పెట్టం. శాలువా తీసుకునేవాళ్ల ఫోటోలు తీయం. ఊలు కొనడం భారమైతే కొనకండి, బడి దగ్గర ఉంది. వాడకుండా పడి ఉన్న ఊలు, పాత స్వెట్టర్లు ఉంటే పంపించండి, ఊడదీసి ఉండలు చుట్టుకుంటాం. మీ అబ్బాయికో అమ్మాయికో ఇది ఇష్టం లేకపోతే ఒక్క ముక్క డైరీలో రాయండి, ఆ పీరియడ్‌లో లైబ్రరీకి పంపిస్తాం.

రెండో శనివారం తప్ప మిగతా శనివారాల్లో మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా, మెట్ల పక్క గదిలో కూర్చుంటాం. కుట్లు, అల్లికలు వచ్చినవాళ్లు, రానివాళ్లు, వల అల్లే తాతలు, ఎవరైనా రండి. సంక్రాంతి సెలవుల లోపల ఇంకో ఇరవై శాలువాలు పూర్తి చేయాలి. వాటిలో ఇప్పటికి పదకొండు అయ్యాయి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు