డబ్బు అందగానే రాసేయండి

సంపాదకులకు,

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు కూడా కొనేవాళ్ళకు రేటింగు ఇవ్వాలా అని మీ ఉత్తరాల పేజీలో నడుస్తున్న చర్చ చూస్తున్నాను. ఇవ్వాలనేవాళ్ళలో ఎక్కువమంది ఎప్పుడో ఒకసారి దెబ్బతిన్న అమ్మకందారులే అనిపిస్తోంది. నేనూ అమ్మేదాన్నే, దెబ్బ తిన్నదాన్నే. అయినా వాళ్ళు అడిగే రకం రేటింగు నాకు వద్దు.

పదకొండేళ్ళుగా పాత ఫిల్మ్ కెమెరాలు బాగుచేసి అమ్ముతున్నాను. నేను వాడే సైటులో రెండు వైపులవాళ్ళూ ఒకరి గురించి ఒకరు రాయొచ్చు. మొదటి నాలుగేళ్ళూ నాదొక నియమం ఉండేది. కొన్నవాళ్ళు రాశాకే నేను రాసేదాన్ని. ఎవరైనా అడిగితే, సరుకు చేరి వాళ్ళకు నచ్చితేనే కదా బేరం పూర్తయినట్టు అని చెప్పేదాన్ని. అది పైకి చెప్పే మాట. నాకు ఒక స్టారు ఇచ్చి చూడు, నీ సంగతి తేలుస్తా అని రాయి పట్టుకుని కూర్చోవడమే అసలు సంగతి.

ఒకాయన నా దగ్గర మడత కెమెరా కొని, అయిదు స్టార్లు ఇచ్చి, చాలా బాగుందని రాశారు. నెల తర్వాత విడిగా మెసేజ్ పెట్టారు. నెమ్మది స్పీడుల్లో షట్టర్, అంటే ఫిల్మ్ మీదికి వెలుతురు వదిలే తలుపు, తెరుచుకుని అలాగే ఉండిపోతోందట, మొదటి రీలు సగం పాడైందట. ‘బయట రాస్తే మీరు నా మీద ఏమైనా రాస్తారేమోనని రాయలేదండీ’ అన్నారు. అన్ని స్పీడులూ పనిచేస్తాయని వివరాల్లో నేనే రాశాను. పరీక్షించింది మాత్రం ఎండ మండే మధ్యాహ్నం. నెమ్మది స్పీడులను నడిపే గేర్లలో పాత నూనె చలికి చిక్కబడితే షట్టర్ బిగుసుకుంటుందని నాకు తెలియని విషయం కాదు. డబ్బు వెనక్కి ఇచ్చేశాను. ఆ రాత్రి నా పేజీలో ఉన్న స్టార్లన్నీ వరసగా చూసుకుంటూ కూర్చున్నాను. వీటిలో ఎన్ని ఇలా భయపడి ఇచ్చినవో తేల్చుకోలేకపోయాను.

ఇది నా ఒక్కదాని కథ కాదు. ఈబే సైటును 1995లో మొదలుపెట్టిన పియర్ ఒమిడ్యార్, మరుసటి ఏడాదే అక్కడ ఫీడ్‌బ్యాక్ పద్ధతి పెట్టారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒకరికొకరు డబ్బూ వస్తువులూ పంపుకోవాలంటే ఏదో ఒక భరోసా కావాలి కదా. మంచి, చెడు, మధ్యస్థం అని రెండు వైపులా రాసుకునేవారు. పాల్ రెస్నిక్, రిచర్డ్ జెక్‌హౌజర్ అనే పరిశోధకులు అక్కడ 1999లో జరిగిన లావాదేవీలను పరిశీలిస్తే, కొన్నవాళ్ళు రాసిన వాటిలో దాదాపు 99 శాతం మెచ్చుకోళ్ళేనని తేలింది. నూటికి తొంభై తొమ్మిది బేరాలు నిజంగా అంత సాఫీగా జరుగుతాయా? పాత సామాను అమ్మేదాన్ని, నేనైతే నమ్మను. చివరికి 2008లో ఈబే ఆ రాయిని అమ్మేవాళ్ళ చేతిలోంచి తీసేసుకుంది. అప్పటి నుంచి కొన్నవాళ్ళ గురించి మంచి రాయొచ్చు, లేదా ఊరుకోవచ్చు. అమ్మేవాళ్ళు గగ్గోలు పెట్టారు. ఆ రోజుల్లో నేనుంటే నేనూ పెట్టేదాన్నేమో.

ఇక నేను తిన్న దెబ్బ. రెండేళ్ళ కిందట ఒకరు 50 ఎంఎం లెన్స్ కొని, లోపల బూజు ఉందని వారానికి రిటర్న్ పెట్టారు. తిరిగొచ్చిన లెన్స్‌ను దీపానికి ఎదురుగా పట్టి చూస్తే నిజంగానే బూజు, సాలెగూడు పోగుల్లాగా. కానీ సీరియల్ నంబరు నాది కాదు. వాళ్ళ పాత లెన్స్ నాకు పంపి, నాది ఉంచేసుకున్నారు. అప్పటికే రీఫండ్ వెళ్ళిపోయింది. కోపం పట్టలేక, ఉన్నదున్నట్టు రాసి వాళ్ళకు ఒక్క స్టారు ఇచ్చాను.

దానివల్ల ఒరిగిందేమీ లేదు. ‘కొను’ అనే బటన్ నొక్కగానే ఆర్డరు నా దగ్గరికి వచ్చేస్తుంది. ఆ మనిషికి ఎన్ని స్టార్లున్నాయో చూసి ఒప్పుకోవడం, మానడం అంటూ అక్కడ ఏమీ ఉండదు. పైగా కొనేవాళ్ళు కొత్త పేరుతో ఇంకో ఖాతా తెరిస్తే పాతదంతా కడుక్కుపోతుంది. నేనలా చేస్తే పదకొండేళ్ళ పేరు పోతుంది. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి చోట సంగతి వేరు. వచ్చేవాళ్ళు మనింట్లో పడుకుంటారు, వాళ్ళ గురించి పాతవాళ్ళు ఏం రాశారో చదివి తలుపు తీయొచ్చు. అక్కడ కూడా ఇద్దరూ రాసేదాకా, లేదంటే 14 రోజుల గడువు తీరేదాకా ఒకరు రాసింది ఇంకొకరికి చూపించరు. 2014లో పెట్టిన పద్ధతి అది. నాకు నచ్చింది, కానీ పార్సిల్ పంపేవాళ్ళకు అంత అక్కర్లేదు.

మోసం చేసినవాళ్ళను వదిలేయమంటావా అని అడుగుతారు. వదలొద్దు. సీరియల్ నంబరు ఫొటోలతో ఫిర్యాదు చేస్తే సైటువాళ్ళు చదవాలి, అలాంటివి ఒకే మనిషి మీద ఎన్ని వచ్చాయో లెక్క పెట్టాలి. ‘ధర తగ్గించకపోతే ఒక్క స్టారే ఇస్తా’ అని బెదిరించేవాళ్ళ మెసేజ్‌లు కూడా అందులోకే వెళ్ళాలి. ఇప్పుడు నేను పంపే ప్రతి లెన్స్ నంబరునూ ప్యాకింగ్ పక్కన పెట్టి వీడియో తీస్తున్నాను. విసుగే, కానీ ఆ ఒక్క స్టారు కన్నా నాకు ఇదే ఎక్కువ పనికొచ్చింది.

మరి అమ్మేవాళ్ళు అసలేమీ రాయకూడదా అంటే, రాయాలి. ముందే రాయాలి. కొనేవాళ్ళు చేయాల్సింది డబ్బు కట్టడం. అది కట్టేశాక వాళ్ళ పని అయిపోయింది, ఆ తర్వాత పరీక్ష మనది. ‘ఎ ప్లస్ ప్లస్ ప్లస్’ అని అందరికీ ఒకటే అతికించడం మాత్రం దండగ, అది రాయకపోయినా ఒకటే. వెంటనే కట్టారనో, అడగాల్సిన ప్రశ్నలు ముందే అడిగారనో, జరిగింది ఒక ముక్క రాస్తే చాలు. ముందే రాసేస్తే కొన్నవాళ్ళకు భయం ఉండదు. షట్టర్ బిగుసుకుంటే బిగుసుకుందనే రాస్తారు. రాశారు కూడా, రెండుసార్లు. రెండుసార్లూ నాకు నిద్ర పట్టలేదు, ఆ కెమెరాలు మళ్ళీ విప్పాను.

ఈ ఉదయం ఒకావిడ డబ్బు కట్టారు. వెనక తలుపు సందులోంచి వెలుతురు రాదు కదా అని కొనకముందే అడిగారు. మంచి ప్రశ్న అడిగారని ఆవిడ పేజీలో రాసేశాను. కెమెరా ఇంకా నా బల్ల మీదే ఉంది. ఆ తలుపు ఫోమ్ జిగటగా కరిగిపోయింది, గీకి కొత్తది అతికించాలి.

ఇట్లు,
పాత కెమెరాలు అమ్ముకునే ఒక పాఠకురాలు