పేరు తెలియని నర్సమ్మ గారికి కృతజ్ఞతలు

మా నాన్నగారికి మెడ దగ్గర అమర్చిన డయాలసిస్ కాథెటర్ (రక్తాన్ని శుద్ధి చేసేందుకు నరంలోకి పెట్టే గొట్టం) వల్ల రక్తంలోకి ఇన్ఫెక్షన్ చేరిందని తిరుపతిలో అందరికంటే ముందు అనుమానించిన నర్సమ్మ గారికి మా కుటుంబమంతా మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాము. డయాలసిస్ మొదలైన కాసేపటికే చలితో కూడిన జ్వరం వచ్చిందంటే, బయట చర్మం ఎర్రబడకపోయినా, చీము కనబడకపోయినా, గొట్టం లోపలి గోడలకు పొరలా పట్టుకుని పెరిగే బాక్టీరియాను అనుమానించవలసిందేనని ఆమె మాకు ఓపికగా వివరించారు. యాంటీబయాటిక్ ఇవ్వకముందే, రక్తంలో ఏ బాక్టీరియా ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్షకు కాథెటర్ నుంచి, విడిగా నరం నుంచి కూడా రక్తం తీయాలని డాక్టరు గారికి గుర్తుచేసి, ముంజేతి నరాలు రేపటి ఫిస్టులాకు (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని, సిరను కలిపే ఆపరేషన్‌కు) కావాలని అరచేతి వెనుక నరాన్నే ఎంచుకున్న ఆ ముందుచూపును ఎంత మెచ్చుకున్నా తక్కువే. స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా అని తేలింది, పాత గొట్టం తీసేశారు, జ్వరం తగ్గింది. అమ్మా, మీరు చల్లగా ఉండాలి.