వీడియో బటన్ ఎందుకు కనిపించడం లేదు: మా యాప్ వాడే వ్యాపారులకు వివరణ

పలాస జీడిపప్పు గ్రేడునూ పొందూరు ఖద్దరు నేతనూ ఫోనులో చిత్రీకరించి కొనుగోలుదారులకు పంపే వ్యాపారుల కోసం శ్రీకాకుళం నుంచి మేము నడుపుతున్న యాప్‌లో, పదిహేను రోజులుగా వీడియో బటన్ లేదు. ఫోను పాడైందనుకుని కొందరు మరమ్మతు దుకాణానికి వెళ్లారని తెలిసి సిగ్గుపడ్డాను. లోపం మీ ఫోనులో లేదు, నా పనిలో ఉంది.

మా పాత యాప్ ఆండ్రాయిడ్ తొలి తరం కెమెరా కోడ్‌తో రాసినది. 2014లో ఆండ్రాయిడ్ 5.0 వచ్చినప్పుడే గూగుల్ దానిని పక్కన పెట్టమన్నా, నడుస్తోంది కదా అని నేను ఊరుకున్నాను. ఈసారి గూగుల్ వారి కొత్త కెమెరా లైబ్రరీ (యాప్‌లో చేర్చుకునే సిద్ధమైన కోడ్) అయిన కెమెరాఎక్స్‌కు మారబోతే, వీడియో తీయడానికి వాడే ‘వీడియోక్యాప్చర్’ అన్న పేరు కోడ్ రాసే తెరపై తప్పుకు గుర్తుగా ఎర్రబడి, ‘అన్‌రిజాల్వ్డ్ రిఫరెన్స్’ అని వచ్చింది. అంటే ఆ పేరుగల క్లాసు (ఒక పని కోసం రాసిపెట్టిన కోడ్ భాగం), కోడ్‌ను యాప్‌గా మార్చే కంపైలర్‌కు దొరకలేదు. నేను చూసి రాసుకున్న పాత నమూనాలో ఆ క్లాసును ‘కోర్’ ప్యాకేజీ (క్లాసుల సమూహం) నుంచి ఇంపోర్ట్ చేశారు, అంటే రప్పించుకున్నారు. ఇప్పుడు వాడవలసినది ‘వీడియో’ అనే వేరే ప్యాకేజీలో ఉంది, దాని లైబ్రరీని, యాప్‌కు కావలసిన లైబ్రరీల జాబితా ఉండే గ్రేడిల్ ఫైలులో విడిగా చేర్చాలి. అది చేర్చకుండా ఇంపోర్ట్ వరుస ఎన్నిసార్లు దిద్దినా, గోదాములో లేని బస్తాకు బిల్లు రాసినట్లే.

అంతకన్నా చిన్నతనమైన పొరపాటు ఇంకొకటి ఉంది. ‘కెమెరా’ అన్న పేరుతో ఆండ్రాయిడ్‌లో ఒకటికి మించి క్లాసులున్నాయి. ఏది ఇంపోర్ట్ చేయాలో చూపమని ఆల్ట్, ఎంటర్ మీటలు నొక్కగానే వచ్చిన జాబితాలో చూడకుండా ‘గ్రాఫిక్స్’ ప్యాకేజీలోని దానిని ఎంచుకున్నాను. అది బొమ్మలను త్రిమితీయంగా తిప్పే లెక్కలకు పనికివచ్చేదే తప్ప చిత్రీకరణకు కాదు. ఆ వరుసలో ఎరుపు పోయింది, కింది వరుసలన్నీ ఎర్రబడ్డాయి. ఒక రాత్రంతా అక్కడే గడిచింది. చెప్పిన తేదీ దగ్గరపడటంతో బటన్ తీసేసి యాప్ విడుదల చేశాను; మీకు ఒక్క మాటైనా చెప్పకపోవడం అన్నింటికన్నా పెద్ద తప్పు.

ఇప్పుడు కెమెరాఎక్స్ లైబ్రరీలన్నింటినీ ఒకే వెర్షన్‌కు తెచ్చి, ఇంపోర్ట్‌లను ఒక్కొక్కటిగా సరిచూసి, రికార్డింగ్ భాగాన్ని తిరిగి రాశాను. రికార్డింగ్ ముగిసినట్టు లైబ్రరీ ఖాయం చేసి, లోపమేదీ తెలపకపోతేనే ‘భద్రపరిచాం’ అన్న సందేశం కనిపిస్తుంది. పాత యాప్‌లో ఈ తనిఖీ లేదు.

ఈ నెల చందా ఎవరి దగ్గరా తీసుకోవడం లేదు, ఇప్పటికే కట్టినవారికి వచ్చే నెలలో సర్దుతాము. కొత్త వెర్షన్ మొదటిసారి తెరిచినప్పుడు కెమెరాతో పాటు మైకుకూ అనుమతి ఇవ్వండి, లేకపోతే వీడియోలో మీ మాట వినిపించదు.