పంపులు మార్చే ముందు ఒక్కసారి కొలవండి

సంపాదకులకు,

నగరంలో పాతబడిన నీటి పంపింగ్ స్టేషన్లన్నీ మార్చాలి, కానీ బడ్జెట్ చాలడం లేదు అంటూ మీ పేపర్లో వచ్చిన వార్త చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. నేను పంప్ హౌస్‌లో మెకానిక్‌గా చేసి రిటైరైనవాణ్ణి. డిజైన్ల గురించి నాకు పెద్దగా తెలియదు గానీ, పంపు ఎలా ముసలిదవుతుందో దగ్గర నిలబడి చూశాను.

పంపు పాడైందని ఎవరికీ తెలియదు, అసలు గొడవంతా అక్కడే. స్విచ్ వేస్తే తిరుగుతుంది, నీళ్లూ వస్తాయి. గ్లాండ్ (షాఫ్టు బయటికొచ్చే చోట నీళ్లు కారకుండా ఉండే బిగింపు) దగ్గర చుక్కచుక్కగా పడాల్సింది ధారగా కారుతుంటే కింద కాలువలోకి పోనిస్తాం, సక్షన్ (పంపు లోపలికి నీళ్లు లాక్కునే వైపు) సరిగా అందక లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడొస్తుంటే అది దాని గొంతే అనుకుని అలవాటు పడిపోతాం. ఒకసారి కేసింగ్ విప్పి చూస్తే ఇంపెల్లర్ (లోపల తిరుగుతూ నీళ్లను నెట్టే చక్రం) రెక్కలు చెదలు తిన్న చెక్కలా ఉన్నాయి, ముందు రోజు దాకా లాగ్ బుక్‌లో మాత్రం ‘నార్మల్’ అనే రాసి ఉంది (రాసింది నేనే). ఇంపెల్లర్‌కూ కేసింగ్‌కూ మధ్య సందు మూసే వేర్ రింగు అరిగిపోతే, పైకి పోవాల్సిన నీళ్లలో కొంత పంపులోనే వెనక్కి తిరుగుతుంటుంది, దానికీ కరెంటు మీటరు తిరుగుతుంది.

ఎంత తిరుగుతుందో లెక్క వేసుకోండి. రోజుకు కోటి లీటర్లు 50 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలంటే, నష్టమే లేకపోతే 1,360 యూనిట్ల చిల్లర చాలు. పంపు, మోటారు కలిపి 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తే 1,700 అవుతుంది. అరిగి అరిగి 55 శాతానికి దిగజారిందనుకోండి, అవే నీళ్లకు దాదాపు 2,480. అంటే రోజుకు 770 యూనిట్ల పైచిలుకు, ఏడాదికి 2,80,000 యూనిట్లు ఉత్తపుణ్యానికి పోతున్నాయి, అదీ ఒక్క స్టేషన్లో. బడ్జెట్ లేదంటున్నారు గానీ, డబ్బు ప్రతి నెలా కరెంటు బిల్లు రూపంలో ఖర్చవుతూనే ఉంది, కాకపోతే వేరే పద్దులో.

అందుకే నా మాటల్లా ఒకటే, కొనే ముందు కొలవండి. ప్రతి పంపుకూ ఫ్లో ఎంత, ప్రెషర్ ఎంత, కరెంటు ఎంత లాగుతోంది, ఈ మూడూ తెలిస్తే చాలు. పైపు కోయక్కర్లేదు, బయట నుంచి బిగించే అల్ట్రాసోనిక్ మీటర్లు ఉన్నాయి. కొలిచాక చూస్తే అన్నీ మార్చాల్సిన అవసరం కనిపించకపోవచ్చు. కొన్నిటికి వేర్ రింగులూ బేరింగులూ వేస్తే సరిపోతుంది, కొన్నిటికి ఇంపెల్లర్ ఒక్కటి మారిస్తే చాలు. నిజంగా పని అయిపోయినవాటినే తీసేసి, ఎక్కువ గంటలు తిరిగేవాటితో మొదలుపెడితే అక్కడ మిగిలే కరెంటు డబ్బు తర్వాతి దశకు పనికొస్తుంది. స్టాండ్‌బై పంపు ఏడాదిలో నాలుగు రోజులు తిరుగుతుందేమో, దానికి తొందరేముంది? గోడలూ పునాదులూ గట్టిగా ఉంటే బిల్డింగు జోలికి కూడా పోవద్దు. కొత్త బిల్డింగుకు శిలాఫలకం వేయొచ్చు, వేర్ రింగుకు వేయలేరు, ఆ బాధ నాకూ అర్థమవుతుంది.

ఇక టెండరు. ఎవరు తక్కువకు కోట్ చేస్తే వాళ్లకే అంటే మునిగిపోతాం. పగలూ రాత్రీ తిరిగే పెద్ద పంపుకు అది బతికినంత కాలం తాగే కరెంటు ముందు కొన్న ధర చిన్నదే. కొనుగోలు ధరతో పాటు పదిహేనేళ్ల కరెంటు ఖర్చూ కలిపి, ఆ మొత్తం మీద పోల్చమనండి. ఇంకో సంగతి, రేపటి జనాభా కోసమంటూ ఒకరు పది శాతం, సేఫ్టీ కోసమంటూ ఇంకొకరు ఇరవై శాతం కలుపుకుంటూ పోతే చివరికి అవసరానికి మించిన పంపు వచ్చి కూర్చుంటుంది. దాన్ని అదుపు చేయడానికి ఆపరేటరు డెలివరీ వాల్వు సగం మూసి నడుపుతాడు. బ్రేకు మీద కాలు పెట్టి యాక్సిలరేటర్ తొక్కడం లాంటిదే అది, నేనూ ఏళ్ల తరబడి చేశాను.

అన్నిటికీ వి.ఎఫ్.డి. (మోటారు వేగాన్ని తగ్గించి పెంచే పరికరం) పెట్టేస్తే సరి అనేవాళ్లు ఉంటారు. వేగం 20 శాతం తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడుతుందన్నది నిజమే, కానీ పైపుల్లో రాపిడే ప్రధానమైన చోట మాత్రమే అంత లాభం. నేరుగా ఎత్తయిన ట్యాంకుకు ఎక్కించే చోట వేగం బాగా తగ్గిస్తే నీళ్లు పైకే చేరవు. వాల్వుల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. కరెంటు ఠక్కున పోయినప్పుడు ఎన్.ఆర్.వి. (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు) ధడేల్మని పడితే ఆ దెబ్బకు ఎక్కడో దూరంగా పైపు పగులుతుంది, అలా పగిలిన చోట లైన్ ఖాళీ అయినప్పుడు బయటి మురుగు లోపలికి వస్తుంది. లీకులు కట్టకుండా కొత్త పంపులు పెడితే మట్టిలోకే ఇంకా బాగా పంపింగ్ చేస్తాం, అంతే.

చివరగా చిన్న కోరిక. కొత్త పంపు స్టార్ట్ చేసిన రోజు ఫ్లో, ప్రెషర్, కిలోవాట్లు కొలిచి, ఆ అంకెలు పంపు ఎదురుగా గోడ మీద పెయింటుతో రాయించండి. రేపు డ్యూటీకి వచ్చే కుర్రాడు ‘నార్మల్’ అని రాసే ముందు ఒకసారి తలెత్తి వాటిని చూస్తాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పంప్ మెకానిక్